పడవకు పళ్ళుండవు

చేపలు పట్టే గుండ్రటి వెదురు పుట్టిని ఇసుకలో బోర్లించి, నాయిన నన్ను దాని కిందికి దూరమన్నాడు. నాకప్పుడు ఏడేళ్ళు. లోపల తారు వాసన, ఎండిన చేప పొలుసుల వాసన, చీకటి. మోకాళ్ళ మీద కూర్చుని తల ఎత్తితే వెదురు బద్దలు జుట్టుకు తగులుతున్నాయి.

"పైకి చూడు బిడ్డా. చుక్కలు కనబడ్తున్నయా?"

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. దారి దొరికిన చోటల్లా ఆ ఎండ లోపలికి వస్తుంది. అల్లిక మధ్యలో మూడు చోట్ల సూది మొనంత వెలుతురు. "మూడు" అని అరిచాను. "అంచు పొంటి చూడు" అన్నాడు. అంచు దగ్గర ఇంకొకటి కనిపించింది. నాలుగు. పుట్టి అమ్మే ఆయన "చిన్నపిల్లకు ఏం ఎరుకైతదన్నా" అంటున్నాడు. నాయిన ఆయనతో వాదం పెట్టుకోలేదు. చుక్కకు ఇరవై రూపాయల చొప్పున ఎనభై తగ్గించి ఇమ్మన్నాడు. ఆయన కాసేపు గొణిగి ఇచ్చాడు.

ఆ తర్వాత మా ఇంటికి పాత పుట్టి ఏది వచ్చినా చుక్కలు లెక్కపెట్టే పని నాదే. పక్కింటి పెద్దనాయిన కూడా బేరానికి పోతూ "అమ్మాయిని ఒకసారి పంపురా" అని అడిగేవాడు.

మాది కొల్లాపూర్ దగ్గర, సోమశిలకు పక్కనే కృష్ణ ఒడ్డు ఊరు. 1980ల మొదట్లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు ఎక్కినప్పుడు పాత ఊరూ, మా రెండెకరాల చెలకా, తాత కట్టిన ఇల్లూ నీళ్ళ కిందికి పోయాయి. నేను పుట్టింది గడ్డ మీద కట్టిన కొత్త ఊళ్ళో. నాగలి పట్టిన చేతులతోనే నాయిన తెడ్డు పట్టాడు. జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. నిండిన ఏడు నీళ్ళు మా ఊరి చింతచెట్ల దాకా వచ్చేవి. ఎండాకాలం వెనక్కి జరిగితే బురద, బురద మధ్యలో పాత ఊరి గోడల మొదళ్ళు కనిపించేవి. నాయిన అక్కడ నిలబడి "ఇది మన దొడ్డి, ఇది మీ నాయనమ్మ పొయ్యి పెట్టుకున్న జాగ" అని చూపించేవాడు.

పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, మీద పట్టా కప్పి తారు పూసింది. పాతది కొని మోసపోయినా మహా అయితే ఒక వారం చేపల డబ్బు పోతుంది. దానికోసం ఎవరూ నిద్ర పాడుచేసుకోరు. మా ఇంట్లో నిద్ర పాడుచేసింది పడవ.

1994 ఎండాకాలంలో నాయినకు మరపడవ కొనాలన్న ఆలోచన వచ్చింది. ఆవలి ఒడ్డున అప్పటి కర్నూలు జిల్లా. సిద్ధేశ్వరం, నెహ్రూనగర్, ముసలిమడుగు. ఆ ఊళ్ళతో మాకు పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలున్నాయి. మా వైపు మామిడికాయలు అటు పోవాలి, వాళ్ళ వైపు మనుషులు సంక్రాంతికి సింగోటం జాతరకు ఇటు రావాలి. నీళ్ళ మీద కంటికి కనిపించే ఊరికి రోడ్డు మీద పోవాలంటే వంద కిలోమీటర్లకు పైగా చుట్టు. ఒక పడవ ఉంటే ఇల్లు గడుస్తుందని నాయిన లెక్క. ఆ లెక్క తప్పు కాదు. కొత్త పడవ చేయించాలంటే మాత్రం టేకు, నల్లమద్ది కలప, మేస్త్రి కూలి, ఇంజన్, అన్నీ కలిపి మా తాహతుకు మించిన మాట. అందుకే పాతది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దిక్కు ఎద్దులు కొనాలంటే పెబ్బేరు సంత ఉంది. సంతలో వంద జతలు చూడొచ్చు. నోరు తెరిచి పళ్ళు చూస్తే వయసు తెలుస్తుంది. నడిపించి చూడొచ్చు, కాడి మీద పెట్టి చూడొచ్చు. తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసే దళారి ఉంటాడు, రశీదు ఉంటుంది. పడవకు సంత లేదు. ఎవరో చేపలు కొనడానికి వచ్చి "ఫలానా ఊళ్ళో పడవ అమ్ముతుండ్రంట" అని చెబితే, ఒక రోజు కూలి పోగొట్టుకుని పోవాలి. పోయాక అక్కడ ఉండేది ఒక్కటే పడవ. దానికి పళ్ళుండవు. ఎన్నేళ్ళదో అమ్మేవాడు చెప్పిందే లెక్క. మోటార్ సైకిల్‌కు ఉన్నట్టు పడవకు ఆర్.సి. ఉండటం మా ఒడ్డున ఎవరూ చూడలేదు. ఇంజన్ పడవలకు రిజిస్ట్రేషన్ ఉండాలని 1917 నాటి చట్టమే చెప్పిందని నాకు చదువుకుని ఉద్యోగంలో చేరాక తెలిసింది. అప్పట్లో మాకు తెలిసిన కాగితం ఒక్కటే: తెల్ల కాగితం మీద ఇద్దరు సాక్షుల వేలిముద్రలు.

మేము చూడబోయిన పడవ ఒడ్డు పొంటి మూడు గంటల దూరంలో ఉంది. నాయిన నన్నూ తీసుకుపోయాడు. పదేళ్ళ పిల్లను పడవ బేరానికి ఎందుకని అమ్మ అంటే, "దాని కండ్లు మంచియి" అన్నాడు. పడవ బాగుంది. పైన ఆకుపచ్చ రంగు, అడుగున నిగనిగలాడే కొత్త తారు. ఒకప్పుడు బావి మీద నీళ్ళు తోడిన ఎనిమిది హెచ్.పి. డీజిల్ ఇంజన్‌ను తెచ్చి దానికి బిగించారు. అమ్మే ఆయన హ్యాండిల్ రెండు చుట్లు తిప్పగానే ఇంజన్ అందుకుంది. నదిలో ఒక చుట్టు తిప్పి చూపించాడు. నేను అడుగంతా వెతికాను. చుక్కలేవీ లేవు. పద్దెనిమిది వేలకు మాట కుదిరింది, రెండు వేలు బయానా.

ఇంజన్ మొదలుపెట్టకముందే నాయిన దాని మీద చేయి పెట్టాడట. వెచ్చగా ఉందట. ఎండకు వేడెక్కిందేమో అనుకున్నాడట. ఈ మాట ఆయన నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. మేం వచ్చే ముందే ఒక గంటసేపు నడిపి, వేడి చేసి పెట్టారు. వేడి ఇంజన్ ఎంత పాతదైనా రెండు చుట్లకు అందుకుంటుంది. మర్నాటి పొద్దున, చల్లటి ఇంజన్‌కు నాయిన, చిన్నాయిన మారి మారి హ్యాండిల్ తిప్పారు. పైన లివర్ ఎత్తడం, తిప్పడం, లివర్ వదలడం. చిన్నాయిన అరచేతుల్లో బొబ్బలు లేచాయి. చివరికి అందుకుని నీలం పొగ కక్కింది. నీలం పొగ అంటే రింగులు అరిగి ఆయిల్ మండుతున్నట్టు అని కొల్లాపూర్ మెకానిక్ చెప్పాడు.

అది సగం మోసం. మిగతా సగం ఆగస్టులో బయటపడింది. నీళ్ళు నిండి, మొదటిసారి మామిడి వ్యాపారి కొడుకు పెండ్లి సామాను నిండుగా ఎత్తిన రోజు, నది మధ్యలో పడవ అడుగున పాదాలు తడిశాయి. చిన్నాయిన డబ్బాతో తోడుతూనే ఉన్నాడు. ఒడ్డుకు చేరాక పడవను పైకి లాగి, నాయిన ఒక మేకు తీసుకుని అడుగు పలక మీద ఒత్తాడు. సుత్తి అక్కర్లేకుండా మేకు సగం దాకా దిగిపోయింది. కొత్త తారు కింద రెండు పలకలు నానిన రొట్టెలా ఉన్నాయి. నాయిన మేకును అక్కడే వదిలేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

అమ్మిన ఆయన దగ్గరికి పోయి అడిగితే ఒక్క మాట అన్నాడట. "నీళ్ళల్లకు దిగినంక బేరం అయిపోయినట్టేనన్నా." నది ఒడ్డున అదే చట్టం. తిట్టుకోవచ్చు, డబ్బు తిరిగి రాదు.

బాగు చేయించడానికి ఆరు వేలు అయింది. అమ్మ కాళ్ళ కడియాలు పోయాయి. ఆ బాగుచేత మాత్రం నాకు బాగా గుర్తు. మేస్త్రి పుచ్చిన పలకలు తీసేసి కొత్తవి వేశాడు. పలకకూ పలకకూ మధ్య సందులో నూలు పేని దూర్చి, కొయ్య సుత్తితో చిన్న చిన్నగా కొడుతూ పోయాడు. గుగ్గిలం పొడిని నూనెలో కాచి ఆ నూలు మీద పోశాడు. పేలికలు చింపి, నూలు పేని అందించడం నా పని. సాయంత్రానికి వేళ్ళు జిగట, అన్నం తింటే అన్నంలో గుగ్గిలం వాసన. పని చేస్తూ మేస్త్రి చెప్పిన సంగతి ఒకటి పడవ కొనే ప్రతివాళ్ళకూ తెలియాలి. కొయ్య పడవను ఎండాకాలం ఒడ్డు మీద వదిలేస్తే పలకలు ఎండి కుంచించుకుపోతాయి, సందులు నోళ్ళు తెరుస్తాయి. అలాంటి పడవ నీళ్ళలో దింపగానే కారుతుంది. రెండు మూడు రోజులు నానితే కలప ఉబ్బి తనంతట తానే మూసుకుంటుంది. అమ్మేవాళ్ళకు అదే సాకు. "ఎండకు ఎండింది, నానితే సదురుకుంటది" అంటారు. అది నిజం కావచ్చు. పలక పుచ్చిపోయి కూడా ఉండొచ్చు. బేరానికి పోయినవాడికి మూడు రోజులు అక్కడే కూర్చుని చూసే తీరిక ఉండదు. ఆ తీరిక లేకపోవడం మీదనే ఆ వ్యాపారమంతా నడిచింది.

బాగయ్యాక పడవ మాకు అన్నం పెట్టింది. ఆ పదేళ్ళ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, నడిచింది అంతే. ఆ పడవ సంపాదనతోనే నేను వనపర్తిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివాను. సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడిన రోజుల్లో నాయిన భక్తులను తీసుకుపోయేవాడు. పదిహేను మంది కంటే ఎక్కువ ఎక్కనిచ్చేవాడు కాదు. పదహారో మనిషి సొంత బావమరిది అయినా సరే, "మల్లొస్త, గీడనే ఉండు" అనేవాడు.

2005లో నాకు సంబంధం కుదిరింది. కట్నం మాట వచ్చింది. పడవ అమ్ముదామని నాయిన అన్నాడు. మోకాళ్ళ నొప్పులు కూడా మొదలయ్యాయి. ఇరవై వేలు వస్తే చాలనుకున్నాం.

ఊళ్ళో అందరూ ఒకటే సలహా ఇచ్చారు. అడుగుకు తారు కొట్టు, పైన రంగు వెయ్యి, ఇంజన్ వేడి చేసిపెట్టు. నాయిన మూడూ చేయనన్నాడు. తారు వేస్తే కొనేవాడికి పలక కనబడదన్నాడు. రంగు వెలిసిపోయి, పాత తారు పెచ్చులు లేచి, చూడటానికి పడవ ముసలిదానిలా ఉంది. వచ్చినవాళ్ళు దూరం నుంచే మొహం మాడ్చుకునేవాళ్ళు. దగ్గరికొచ్చి కాలితో ఒక తన్ను తన్ని, "ఏందన్నా, గిట్లున్నది" అనేవాళ్ళు.

నాయిన వాళ్ళను పడవ ఎక్కించేవాడు. లోపలి నీళ్ళన్నీ తోడేసి, అడుగును గోనెతో పొడిగా తుడిచేవాడు. "ఒక గంట కూసో" అనేవాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బీడీలు కాల్చుకునేవాళ్ళు. గంటయ్యాక అడుగున చేరిన నీళ్ళను చెంబుతో ఎత్తి చూపించేవాడు. "గంటకు మూడు చెంబులు తాగుతది. లోడు మీద నాలుగు. అంతకంటె ఎక్కువ తాగితె నన్నొచ్చి అడుగు."

కొయ్య పడవ అన్నాక నీళ్ళు తాగని పడవ ఉండదు. మూడు చెంబులంటే మంచి పడవ. కానీ మూడు చెంబులని చెవిన పడగానే మనుషులు లేచిపోయేవాళ్ళు. వాళ్ళే పోయి ఇంకో ఊళ్ళో కొత్త తారు పూసిన పడవ, చుక్క నీరు రాదని ఒట్టు పెట్టి అమ్మినది, ఐదు వేలు ఎక్కువ పెట్టి కొనేవాళ్ళు. రెండు నెలలకు బక్కెట్లతో తోడుకునేవాళ్ళు. ఇది నేను కళ్ళారా రెండుసార్లు చూశాను. నిజం చెప్పినవాడి సరుకే అందరికీ అనుమానంగా కనిపించడం నాకు ఇప్పటికీ కడుపులో మండుతుంది.

నీళ్ళతో పాటు ధర కూడా ఎక్కేది, దిగేది. ఆగస్టులో జలాశయం నిండుతుంటే ఫోన్‌లు, కబుర్లు, పదహారు వేలు, పదిహేడు వేలు అని ఆశ. మార్చి వచ్చి నీళ్ళు వెనక్కి పోగానే తొమ్మిది వేలకు కూడా అడిగేవాడు ఉండడు. ఒకాయన బావమరిదిని వెంట తెచ్చుకుని, స్క్రూడ్రైవర్‌తో పడవంతా పొడిచి పొడిచి చూసి, అది ఎక్కడా దిగనందుకు నిరాశపడినట్టు నిలబడి, చివరికి వెయ్యి రూపాయలు బయానా ఇచ్చాడు. మిగతాది అమావాస్య లోపు అన్నాడు. నాయిన ఆ మాట నమ్మి, తర్వాత వచ్చిన ఇద్దరిని వెనక్కి పంపాడు. మూడు అమావాస్యలు పోయాయి. నాలుగో నెలలో వచ్చి "ఇంట్ల ఒప్పుకుంటలేరు" అన్నాడు. వెనక్కి తగ్గినవాడి బయానా పోయినట్టే, అది అందరికీ తెలిసిన కట్టు. నాయిన ఆ వెయ్యి తిరిగి ఇచ్చేశాడు. ఆ రాత్రి అమ్మ అన్నం పెట్టి, గిన్నె విసురుగా కింద పెట్టింది. నేను కూడా ఆ రోజు నాయినతో మాట్లాడలేదు. నా పెండ్లి అప్పు మీదనే జరిగింది. నూటికి మూడు రూపాయల వడ్డీ.

2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. మా ఒడ్డు సంగతి అది. అందరూ ఎవరికో ఒకరికి చుట్టాలు. ఆ నెలంతా మా ఒడ్డున ఏ పడవా కదల్లేదు. నేను అప్పుడు పుట్టింటికి వచ్చి ఉన్నాను. నాయిన పొద్దున పోయి పడవ పక్కన కూర్చునేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు.

ఎండాకాలం మొదట్లో ఒకతను వచ్చాడు. పడవ చూశాడు, మూడు చెంబుల మాట విన్నాడు, లేచిపోలేదు. పద్నాలుగు వేలు ఇస్తానన్నాడు, డబ్బు జేబులోనే ఉంది. అమ్మ గడప దగ్గర నిలబడి వింటోంది. నేను మనసులోనే ఆ డబ్బును వడ్డీ కింద లెక్కవేశాను.

నాయిన అడిగాడు. "ఎంతమందిని ఎక్కిస్తవ్ తమ్మీ?"

"ఎంతమందొస్తె అంతమందిని. ముప్పై పట్టదా?"

"పదిహేను."

"అరె, నడిపేది నేను గద అన్నా. నీకెందుకు?"

నాయిన కాసేపు ఆగి, "అమ్మను" అన్నాడు. ఆ మనిషి ధర కోసం అంటున్నాడనుకుని పదిహేను వేలు అన్నాడు, పదిహేనున్నర అన్నాడు. నాయిన లేచి ఇంట్లోకి వచ్చాడు. ఆరు వేల కడియాల సంగతి పన్నెండేళ్ళుగా, వెయ్యి బయానా సంగతి ఆనాటి నుంచీ ఎత్తిపొడుస్తూ వచ్చిన అమ్మ ఆ రోజు ఒక్క మాట అనలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ తర్వాతి ఏడు పడవను విప్పేశారు. ఇంజన్‌ను ఒక రైతు నాలుగున్నర వేలకు తీసుకుపోయి మళ్ళీ నీళ్ళు తోడటానికి పెట్టుకున్నాడు. పంకా, షాఫ్ట్ ఇనుము ధరకు పోయాయి. మంచి పలకలు ఒక వడ్రంగి మూడు వేలకు కొన్నాడు. మేస్త్రి వేసిన ఆ రెండు పలకలు మాత్రం నాయిన ఇవ్వలేదు. అవి ఇప్పుడు మా పశువుల కొట్టానికి తలుపు. మే నెలలో వాటి మీది తారు మెత్తబడి, తలుపు తీసినప్పుడల్లా వేలికి అంటుకుంటుంది. నాయిన పోయి ఆరేళ్ళయింది.

ఇప్పుడు ఒడ్డున ఎక్కువగా ఫైబర్ పడవలే. ఎండవు, ఉబ్బవు, గుగ్గిలం అక్కర్లేదు. 2021లో పడవలకు కొత్త చట్టం కూడా వచ్చింది. పోయిన నెల నా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. పాత ఫైబర్ పడవ ఒకటి ఉందట, ఫొటోలు పంపాడు. తళతళలాడుతోంది. అడుగున ఎక్కడ అతుకు వేశారో ఫొటోలో ఏం కనబడుతుంది? వేలి కణుపుతో కొట్టుకుంటూ పో, ఎక్కడ డొల్లగా మోగితే అక్కడ ఆగు అన్నాను. తెల్లవారకముందే పో, చెప్పకుండా పో అన్నాను. పోగానే ఏదీ అడగకుండా ముందు ఇంజన్ మీద చేయి పెట్టమన్నాను.

పొద్దున ఐదున్నరకు ఫోన్ మోగింది. వెనక నీళ్ళ చప్పుడు, ఎవరో దూరంగా మాట్లాడుతున్నారు. వాడు గొంతు తగ్గించి అన్నాడు:

"అత్తా, వేడిగున్నది."